డక్టు జాయింట్లు పాసయ్యేదాకా

పాలకొల్లులో మా బాబాయి కట్టిస్తున్న కల్యాణ మండపానికి సెంట్రల్ ఏసీ పని చూసుకోమని నాకు అప్పగించారు. మాఘమాసం ముహూర్తాలకు హాలు అప్పటికే బుక్కయిపోయింది. ఫాల్స్ సీలింగ్ వాళ్లు రోజూ వచ్చి పైకి చూసి వెళ్తున్నారు. డక్టులకు, అంటే చల్లగాలి పోయే రేకు గొట్టాలకు, లీకేజీ టెస్టు కాకుండా సీలింగ్ ముట్టుకోవద్దని కన్సల్టెంట్ గారి షరతు. టెన్షనంతా అక్కడే.

రేకు డక్టులకు మన దేశంలో ఐఎస్ 655 అనే భారతీయ ప్రమాణం ఉంది. జాయింట్ల సంగతికొస్తే చాలామంది అమెరికాలోని రేకుపని కాంట్రాక్టర్ల సంఘం స్మాక్నా ప్రమాణాలు చూస్తారు. అందులో సీల్ తరగతులు, అంటే సందులు ఎంతవరకు మూయాలో చెప్పేవి, మూడు. ముక్కకీ ముక్కకీ మధ్య వచ్చే అడ్డ జాయింట్లు మూస్తే సీ తరగతి. పొడవునా వచ్చే అతుకులు కూడా మూస్తే బీ. డక్టు గోడకు పడ్డ కన్నాలతో సహా మూస్తే ఏ. 500 పాస్కళ్ల గాలి ఒత్తిడి ఉండే డక్టుకు సీ చాలనేవారు గానీ, మా డ్రాయింగులో ఏ అని ఉంది.

"ఆయ్, గాలే కదండీ, పోతే హాల్లోకేగా పోద్ది!" అన్నాడు మేస్త్రి. చుట్టూ కాలవలు, వరిచేలు, చేపల చెరువులు. ఇంత తేమలో చల్లగాలి కారిన చోటల్లా ఇన్సులేషన్ చల్లబడి బయట నీళ్లు పడతాయి. పీటల మీద కూర్చున్న పెళ్లికూతురి నెత్తిన అవి పడితే ఎవరు జవాబు చెబుతారు?

మా డక్టులకు రేకు అంచునే మెషీన్ మీద బయటికి, పక్క ముక్కతో కలిపే పట్టీలా, ఫ్లాంజ్‌గా మడిచారు. నాలుగు మూలల్లో కార్నర్ ముక్కలు కొట్టి, మధ్యలో గాలి పోకుండా మెత్తటి గ్యాస్కెట్ పట్టీ పెట్టి, మూలల్లో బోల్టులు, వాటి మధ్య రెండు అంచుల్నీ పట్టి ఉంచే క్లీట్లు బిగిస్తారు. చూడ్డానికి ఎంత బాగున్నా, కార్నర్ ముక్క వెనక సన్నని సందు మిగులుతుంది. సందులు మూసే జిగురు, సీలెంట్, ముందు అక్కడ నింపాలి. పైపైన పూస్తే లాభం లేదు.

టెస్టు తతంగం చిన్నదే. డక్టు చివర్లన్నీ మూసి, బ్లోయర్‌తో ప్రెషర్ ఎక్కించి, దాన్ని అక్కడే నిలబెట్టడానికి ఎంత గాలి ఇవ్వాల్సి వస్తుందో చూస్తారు. ఆ గాలే లీకు. మొదటి భాగం టెస్టులో ఫెయిలైంది. సబ్బునీళ్లు పూసుకుంటూ వెళ్తే బీమ్ పక్కన ఒకచోట బుడగలు గుత్తులు గుత్తులుగా లేచాయి. మూడు వైపులా క్లీట్లున్నాయి. చెయ్యి దూరని నాలుగో వైపు ఒక్కటీ లేదు! ఆ ముక్క దించి, కిందే రెండోదానితో కలిపి బిగించి మళ్లీ ఎక్కించారు. పొద్దున్నే మంచు, దాంతో సీలెంట్ ఆరడానికి డబ్బా మీద రాసిన గంటలకన్నా ఎక్కువే పట్టింది. ఆరకుండా టెస్టు పెడదామన్న వాళ్లను ఆపడమే నా పనైపోయింది.

హాలు వరకు సంతకాలయ్యాయి, సీలింగ్ ఎక్కుతోంది. ఇక వంటశాల ఎగ్జాస్ట్ ఉంది. జిడ్డు ఆవిరి పోయే డక్టుకు ఈ గ్యాస్కెట్లు, క్లీట్లు పనికిరావు. అమెరికా అగ్నిభద్రతా ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 96 ప్రకారం జాయింట్లకు బయటినుంచి చుక్క కారకుండా ఏకధాటిగా వెల్డింగ్ పడాలి. పల్చటి జీఐ (జింక్ పూత) రేకుతో కానిచ్చేద్దామని మేస్త్రి, కుదరదని నేను.