చూసేశానమ్మా

చిట్టి "చూసేశానమ్మా" అంది చూడండి, ఆ మాటే ఇందాకట్నుంచీ పంటి కింద రాయిలా ఉంది. నిద్ర రాక వచ్చి కూర్చున్నా.

ఏదైనా మ్యూజియం ఆన్‌లైన్‌లో చూసి ఒక పేజీ రాయమన్నారట కాలేజీలో. మా మహాతల్లి ఒక చేత్తో జంతికలు తింటూ, రెండో చేత్తో డచ్చివాళ్ళ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న రైక్స్‌మ్యూజియం మొత్తం తిరిగొచ్చేసింది. బొమ్మ రావడం, వేలితో తోసేయడం, రెండు స్క్రీన్‌షాట్లు. ఆ డచ్చివాళ్ళ సమాధులు మన భీమిలిలోనే ఉన్నాయి, అవీ చూడలేదు ఈ పిల్ల. ఆ మ్యూజియంలో రెంబ్రాంట్ అనే చిత్రకారుడు వేసిన 'నైట్ వాచ్', సిపాయిల గుంపు బొమ్మ, నాలుగు మీటర్ల పైన వెడల్పు, మా హాల్లో గోడకి పట్టదు. వేరే మ్యూజియంలో ఉన్న 'మోనాలిసా' వెడల్పు 53 సెంటీమీటర్లే. ఫోన్లో రెండూ అరచేయంతే! అదే అంటే "జూమ్ చేసుకోవచ్చుగా" అంది. చేసిందా? జూమ్ ఉందని తెలిస్తే చాలు దానికి.

పెద్దనాన్న గుర్తొచ్చాడు. రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళి, ఒక్కో బొమ్మ ముందూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిపోయేవాడు. కాళ్ళు పీకేస్తున్నాయన్నా కదలడే. "ఆ చీర మడత చూడవే" అంటాడు. చూశాననేదాన్ని. "ఏ రంగు?" అనేవాడు. చచ్చినట్టు మళ్ళీ చూడాలి. 28 ఏళ్ళయినా నిండకుండా 1925లో మశూచితో పోయిన మనిషి ఇన్ని వేశాడా అని తనలో తనే గొణుక్కునేవాడు. నా ధ్యాసంతా బయట అమ్మే ముంజెల మీద.

అంట్లు తోమాక, దాని లాప్‌టాప్ లాక్కుని 'నైట్ వాచ్' నేనూ తెరిచాను, తిట్టడానికి ఇంకేమైనా దొరుకుతుందని. 8,439 ఫోటోలు తీసి కలిపారట, 717 గిగాపిక్సెళ్ళు, అంటే 71,700 కోట్ల చుక్కలు. పెంచుకుంటూ పోతే వెనక వరసలో ఇద్దరి మధ్య ఒక టోపీ, దాని కింద ఒక కన్ను. రెంబ్రాంట్ తననే అలా ఇరికించుకున్నాడంటారు. అక్కడికే వెళ్ళి ఎదురుగా నిలబడ్డా, అంత దగ్గరికి ఎవరు రానిస్తారు? ఆన్‌లైన్‌లో చూస్తే ఏం చూసినట్టు అని సాయంత్రం గట్టిగా వాదించాను గానీ, ఇప్పుడా మాట మీద అంత నమ్మకం లేదు. "ఏ రంగు?" అని పక్కన అడిగేవాళ్ళుంటే ఫోనైనా ఫర్వాలేదేమో. అడిగితే విసుక్కుంటుంది. నేను విసుక్కోలేదా మరి!

"ఏటే, కళ్ళు పాడుచేసుకుంటావా?" అని అత్తయ్య లోపల్నుంచి కేకేస్తున్నారు. ఆదివారం బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంకి పోదామంటే చిట్టికి ట్యూషనట. పేజీ అప్పుడే పంపేసింది కూడా. "బ్రష్ స్ట్రోక్స్ అద్భుతం" అని రాసింది, పైగా! ఏ బ్రష్ స్ట్రోకో పొద్దున్న టిఫిన్ దగ్గర అడుగుతాను.