జి తీగ, కరెంటు, మూడో పిన్ను

నిన్న రాత్రి ప్రాక్టీసులో నా బేస్ గిటార్ జి తీగ మొదటిసారి ఒదిగి మోగింది. దీనికి మూడు నెలలు పట్టింది. కోపం చల్లారకముందే రాసిపెడుతున్నా. కావలికీ ఒంగోలుకీ మధ్య ఏదో ఊళ్ళో ఇంకో బేస్ వాయించేవాడు ఇదే గుంటలో పడి ఉంటాడు.

గిటార్ సెకండ్‌హ్యాండుది, ఫెండర్ కంపెనీ జాజ్ బేస్ మోడలుకు కాపీ, నాలుగు తీగలు. చెన్నైలో బేరం చేసి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నెల్లూరు తెచ్చా. కొనడం, తేవడం సులువే. ఒక్క మాట మాత్రం: గుడ్డ సంచిలో ఉన్న బేస్‌ను పై ర్యాకులో పెట్టొద్దు. గూడూరులో ఎక్కినవాళ్ళు దానిమీదే బియ్యం మూట విసురుతారు. కాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చోవాలి.

సెటప్ ఒక పూట పని. కొత్త తీగలు 45-65-85-105 సెట్టు (మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), పైన గుండ్రటి నికెల్ తీగ చుట్టిన రౌండ్‌వౌండ్. తీగ కొస కత్తిరించేముందు అక్కడే తొంభై డిగ్రీలు మడవాలి. మడవకుండా కత్తిరిస్తే లోపలి కోర్ మీద చుట్టు జారిపోయి తీగ పుట్టుకతోనే చచ్చినట్టు మోగుతుంది. నెక్ వంపు చూడటానికి ఇ తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి, ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర కింద ఉన్న సందు చూడాలి. 0.3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. విజిటింగ్ కార్డు ఒకటి ఒరుసుకుంటూ దూరాలి. నెక్ లోపల వంపును సరిచేసే కడ్డీ, ట్రస్ రాడ్‌ను ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పకూడదు. తిప్పాక రాత్రంతా వదిలేసి పొద్దున చూసుకోవాలి. పదిహేడో ఫ్రెట్ దగ్గర ఇ తీగ ఎత్తు 2.4 మిల్లీమీటర్లు, జి తీగ 2 పెట్టా. పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ (నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కంటే ఎక్కువ పలికితే బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే శాడిల్‌ను వెనక్కి, తక్కువ పలికితే నెక్ వైపుకి జరపాలి. మన దగ్గర పెద్ద వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది కాబట్టి ఎండల్లో సరిచేసిన నెక్ కార్తీకానికి మాట మారుస్తుంది. ఏడాదికి రెండుసార్లు ఈ తంతు తప్పదు.

ఇంట్లో అన్నీ బాగున్నాయి. అవమానం అంతా చర్చి హాల్లోనే.

మాది చర్చి క్వయర్. కీబోర్డు, తబలా, డోలక్, ఒక లీడ్ గిటార్, నేను. మొదటి ఆదివారమే పాట జి శ్రుతిలో ఉంది. రెండో చరణంలో మాస్టారు చెయ్యెత్తి ఆపేశారు. "ఏంది అబ్బయ్యా, శ్రుతి చేసుకోలేదా? నీ జి ఊగతా ఉండాది." అందరి ముందూ. శ్రుతి చూపించే క్లిప్ ట్యూనర్ తీసి చూపించా, పచ్చలైటు. ఫోన్లో యాప్ చూపించా, అదీ పచ్చే. "ఆ లైటు నాకెందుకు అబ్బయ్యా, చెవులుండాయిగా" అన్నారు. లీడ్ వాయించే కుర్రాడు నవ్వాడు. రెండు తీగలు తక్కువున్నా శ్రుతి చెయ్యలేడని వాడి భావం.

నాకు మండిందెందుకంటే, మాస్టారు అన్నది నిజం. జి ఊగుతోంది. ఉయ్యాల ఊగినట్టు సెకనుకు రెండుసార్లు పెరిగి తగ్గుతోంది. చెవితో ఆ ఊపు పోయేదాకా జి తీగను కొంచెం బిగించా. ఊపు పోయింది. కానీ కీబోర్డుతో కలిపి వాయిస్తే పళ్ళు జివ్వుమన్నాయి. దించితే ఊపు, బిగిస్తే అపశ్రుతి. ఫ్రెట్లు ఉన్నాయి కాబట్టి ఏ స్వరమైనా కచ్చితంగా పలుకుతుందనే 1951లో ఫెండర్ తన బేస్‌కు ప్రెసిషన్ అని పేరు పెట్టింది. ఫ్రెట్లున్న వాయిద్యం పట్టుకుని శ్రుతి తప్పాడనిపించుకోవడం ఎంత చిన్నతనమో బేస్ వాయించేవాళ్ళకే తెలుస్తుంది.

నాలుగు ఆదివారాలు నేనూ నా వేళ్ళనే తిట్టుకున్నా. తర్వాత గిటార్‌ను ఒక షాపుకిచ్చా. పేరొద్దు. అతను స్క్రూ కూడా విప్పకుండా "పికప్ పోయింది" అన్నాడు. తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు కాయిలే పికప్. 3,500 తీసుకుని ఏదో మార్చాడు. జి మాత్రం మారలేదు. పికప్ పోయిందని ఎవరైనా అంటే డబ్బు తీసేముందు మీరే చూసుకోండి. గిటార్‌కు కేబుల్ గుచ్చి, రెండో కొసన ఉన్న ప్లగ్గు మొనకూ ఒంటికీ మల్టీమీటర్ పెట్టాలి. ఒక వాల్యూము పూర్తిగా తెరిచి రెండోది మూసేస్తే, జాజ్ తరహా పికప్ బతికుంటే 6 నుంచి 8 కిలో ఓమ్‌ల మధ్య చూపిస్తుంది. కాయిల్ తెగి ఉంటే వందకు పైమాటే. మల్టీమీటర్ నాలుగైదు వందలకే వస్తుంది. నేను అది ముందే కొని ఉంటే 3,500 మిగిలేవి.

విషయం బయటపడింది ఏమీ వాయించనప్పుడే. ప్రాక్టీసు అయ్యాక తీగల మీద చేతులు తీసేసి, ఆంప్ తెరిచి ఊరికే నిలబడ్డా. భ్‌మ్‌మ్ అని ఒక మోత. రోజూ ఉండే మోతే, ఫ్యాను శబ్దంలా చెవులు దాన్ని వదిలేశాయి. దానిమీద జి తీగను మెల్లగా మీటా. ఊపు మొదలైంది.

లెక్క ఇదీ. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ మోతలో 50తో పాటు దానికి రెట్టింపు 100 హెర్ట్జ్ కూడా గట్టిగా ఉంటుంది. బేస్‌లో విడి జి తీగ 98 హెర్ట్జ్. ఇ తీగ మూడో ఫ్రెట్ దగ్గర పలికే కింది జి 49. వందకూ తొంభై ఎనిమిదికీ తేడా రెండు, అంటే సెకనుకు రెండు ఊపులు. యాభైకీ నలభై తొమ్మిదికీ తేడా ఒకటి, అంటే ఒక ఊపు. నేను చెవితో బిగించింది కీబోర్డుకు కాదు, కరెంటుకు. కరెంటు పలికేది కూడా జినే, కాకపోతే సగం స్వరంలో మూడో వంతు ఎక్కువ. ఇ తీగ 41, ఎ తీగ 55, డి తీగ 73, ఇవేవీ దానికి అంత దగ్గరగా లేవు కాబట్టి అవి ఊగలేదు. ఇంట్లో ఎందుకు లేదంటే అక్కడ ఎనిమిది అంగుళాల స్పీకరు, అంత లోతు మోత దానికి సరిగా పలకదు. హాల్లో పదిహేను అంగుళాలది. ఇది తెలిసిన రాత్రి, శ్రుతి తప్పింది నేను కాదని మాస్టారికి ఫోన్ చేసి చెప్పాలనిపించింది. పదకొండున్నర అయిందని ఊరుకున్నా.

మోత ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవడానికి రెండు పరీక్షలు చాలు. మొదటిది, రెండు వాల్యూములూ పూర్తిగా తెరవండి. జాజ్ తరహాలో రెండు పికప్పులనూ ఒకదానికొకటి ఎదురు చుట్టి ఉంటారు కాబట్టి, రెండూ సమానంగా తెరిస్తే కాయిల్ పట్టుకునే మోత చాలావరకు కొట్టేసుకుంటుంది. గుండ్రటి శబ్దం కోసం నేను బ్రిడ్జి పికప్ ఎప్పుడూ తగ్గించే వాయించేవాణ్ణి. సగం శిక్ష అక్కడే పడింది. ప్రెసిషన్ బేస్ వాళ్ళకు ఈ గొడవ లేదు. 1957 నుంచీ వాళ్ళ పికప్ రెండు ముక్కలుగా చీలి తన మోతను తనే చంపుకుంటోంది. రెండోది, తీగల మీద చెయ్యి వేయండి. మోత తగ్గితే లోపలి గ్రౌండ్ బాగున్నట్టు. పెరిగితే జాక్ దగ్గర వైర్లు తారుమారు అయినట్టు. ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జి కిందికి వెళ్ళే గ్రౌండ్ వైరు తెగినట్టు. నాకు ఏ మార్పూ లేదు. మల్టీమీటర్ ఒక కొస బ్రిడ్జికీ, ఒక కొస జాక్ ఒంటికీ పెట్టా. సున్నా దగ్గర చూపించాల్సింది, బీప్ కూడా లేదు.

తీగలు వదులు చేసి, బ్రిడ్జి స్క్రూలు ఐదూ విప్పా. కింద చెక్కలో చిన్న బెజ్జం, అందులోంచి తలవెంట్రుకంత రాగి పోగు, కొసంతా పచ్చగా పట్టి, ముట్టుకుంటే పొడైపోయింది. సముద్రపు గాలి, చేతి చెమట కలిసి చేసే పని అది. కొత్త వైరు దూర్చి, కొసన మూడు సెంటీమీటర్లు తొడుగు ఒలిచి, పోగులు విసనకర్రలా పరిచి బ్రిడ్జి కింద బిగించా. రెండో కొస వాల్యూము పాట్ (నాబ్ కింద ఉండే డబ్బీ) వీపు మీద సోల్డర్. 25 వాట్ల ఐరన్‌తో ఆ వీపు వేడెక్కదు, సీసం ముత్యంలా నిలబడి రెండు రోజులకు ఊడిపోతుంది. 40 వాట్లది కావాలి, వీపును ముందు గరుకు కాగితంతో తెల్లగా రుద్దాలి. నా టంకం చూసి టీవీ మెకానిక్ ఒకాయన "ఎవరి దగ్గర నేర్చుకున్నావ్" అని అడిగాడు. చెప్పుకోవాలి కదా.

ఇంట్లో మోత సగానికి సగం పోయింది. సంబరంగా హాలుకు వెళ్ళా. గిటార్ గుచ్చి, తీగలు పట్టుకుని, మైకు దగ్గరికి వంగితే పెదవికి ఫట్‌మని కొట్టింది.

బాగుచేశాక షాక్ కొట్టడమేంటని అరగంట అర్థం కాలేదు. బ్రిడ్జి వైరు తెగి ఉన్నన్నాళ్ళూ నా చేతికీ ఆంప్ ఒంటికీ సంబంధం లేదు. అతికించాక తీగ ముట్టుకుంటే ఆంప్ ఒళ్ళు ముట్టుకున్నట్టే. ఆంప్‌కు ఎర్త్ లేదు. మైకు మిక్సరుది, అది వేరే బోర్డులో ఉంది. రెండు ఒళ్ళ మధ్య వోల్టేజీ తేడాకు వంతెన నేను. తెగిన వైరే ఇన్నాళ్ళూ నన్ను కాపాడింది.

ఎక్స్‌టెన్షన్ బాక్స్ విప్పి చూస్తే మూడు రంధ్రాలూ ఉన్నాయి, లోపలికి వచ్చేది మాత్రం రెండు కోర్ల వైరు. మూడో రంధ్రానికి ఏమీ లేదు. సౌండ్ అబ్బాయిని అడిగితే "అది అట్నే ఉంటదన్నా, మూడో పిన్ను ఊరికే, నిలబడటానికి" అన్నాడు. ఇంకో బోర్డు ప్లగ్గుకు ఆ పిన్ను ఏకంగా విరగ్గొట్టి ఉంది, మోత పోతుందని ఎవరో చెప్పారట. మిక్సరూ ఆంప్ రెండు దారుల్లో గ్రౌండుకు కలవడం వల్ల వచ్చే గ్రౌండ్ లూప్ మోతకు మందు, గిటార్ సిగ్నల్‌ను మిక్సరుకు పంపే డిఐ బాక్స్ మీదుండే లిఫ్ట్ స్విచ్. అది సిగ్నల్ కేబుల్‌లో గ్రౌండును మాత్రమే విడదీస్తుంది, మనిషిని కాపాడే ఎర్త్ జోలికి పోదు. పిన్ను విరగ్గొట్టేవాడికి మైకు ఇవ్వకూడదు, పాఠం చెప్పాలి. స్టేజీ మీద ఎర్త్ లేక కరెంటు కొట్టి వాయిద్యగాళ్ళు చనిపోయిన సంగతులు లోకంలో ఉన్నాయి.

మూడు కోర్ల వైరుతో కొత్త బాక్స్ కట్టించా. అయినా మోత కొంచెం ఉంది. ఇక్కడినుంచి మీరు చెయ్యి పెట్టకండి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మల్టీమీటర్‌లో ఫేజుకూ న్యూట్రల్‌కూ 230, ఫేజుకూ ఎర్తుకూ కూడా దాదాపు అంతే చూపించింది. నేను సంతోషించా. వచ్చిన పెద్దాయన నవ్వి, "మీటరుకేం తెలుసయ్యా, దానికి కరెంటు అక్కర్లేదు" అని ఫేజుకూ ఎర్తుకూ మధ్య వంద వాట్ల బల్బు పెట్టాడు. సంధ్యాదీపంలా మిణుకుమంది. అంటే ఎర్త్ పేరుకే ఉంది, లోడు మోయలేదు. హాలు వెనక ఎర్త్ గుంట తీస్తే బొగ్గూ ఉప్పూ ఎండి గట్టిపడ్డాయి, పైపు క్లాంపు తుప్పు పట్టి చేతికి ఊడొచ్చింది. మే నెలలో ఒక్క బిందె నీళ్ళు పోసినవాడు లేడు. క్లాంపు, జీఐ వైరు మార్చి, కళ్ళుప్పు, బొగ్గు కొత్తగా నింపి, నాలుగు బిందెలు పోశాం. బల్బు నిండుగా వెలిగింది. ఇప్పుడు ఎండాకాలం అంతా శనివారం సాయంత్రం రెండు బిందెలు పొయ్యడం నా వంతు.

రాగి రేకు టేపుతో గిటార్ లోపల గూడు కూడా కప్పమని కొందరంటారు. ట్యూబులైట్ల చిటచిట తగ్గుతుంది, నిజమే. కాయిల్ పట్టే మోత తగ్గదు, రాగి దాన్ని ఆపలేదు. ముందు ఎర్త్ చూసుకోండి, టేపు తర్వాత.

ఐదు తీగలది కొనుక్కోమని కూడా చెబుతారు. కింది బి 31 హెర్ట్జ్. మన హాళ్ళలో స్పీకర్లు అంత కిందికి దిగవు, వినపడేది పై హార్మోనిక్కులే. ఆ డబ్బుతో మంచి కేబుల్ కొనుక్కోవచ్చు. దానికంటే ముందు కీబోర్డు ఆయన్ను ఎడమచెయ్యి తియ్యమని అడగండి. ఆయన ఎడమచెయ్యి, మీరు, ఇద్దరూ కింద ఉంటే ఎవరి స్వరమూ తేలదు, తప్పు మాత్రం బేస్ వాడిదే అవుతుంది. మన పాటల్లో బేస్ జత కట్టాల్సింది తబలా జోడీలోని పెద్దది, డగ్గాతో, తాళాలతో కాదు. చెన్నైలో బేస్ వాయించే కీత్ పీటర్స్ లాంటివాళ్ళు రికార్డింగుల్లో వాయించింది వింటే ఎక్కడ వాయించకుండా వదిలారో గమనించండి. లీడ్ రానివాడే బేస్ పడతాడనే మా కుర్రాడికి అది వినిపించదు.

నిన్న మాస్టారు ఏమీ అనలేదు. పాట అయ్యాక పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పారు, అంతే. టోన్ నాబ్ తిప్పితే ఇంకా గరగరమంటోంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పాలి. శనివారం నీళ్ళు పోసొచ్చాక చూస్తా.