చూపుడువేలు

"వేలు తియ్యి."

అంతే అన్నాడాయన. గొంతు పెంచలేదు, మొహం చిట్లించలేదు. నా చేతుల్లోంచి రైఫిల్ మెల్లిగా తీసుకుని, గొట్టం నేలవైపు తిప్పి, గోడకున్న స్టాండులో పెట్టేశాడు. ఆయన గరాజులో ఆ టైముకి మేమిద్దరం, ఓ మూల పడుకున్న వాళ్ళ కుక్క. నేను తుపాకీ ఎత్తి చూసుకుంటూ గొట్టాన్ని ఆ కుక్క మీదుగా తిప్పానట. వేలేమో ట్రిగ్గర్ మీద ఉందట. రెండూ నాకు తెలియనే తెలియవు.

"ఖాళీదే కదా, నా ముందే తెరిచి చూపించారు" అన్నాను ఉక్రోషంగా.

"ఖాళీ తుపాకీ అనేది ఉండదు" అన్నాడు. తర్వాత కాఫీ ఇచ్చాడు గానీ, ఆ రోజుకి మళ్ళీ తుపాకీ ఇవ్వలేదు.

విస్కాన్సిన్‌లో ఫ్యాక్టరీ పని చేసేవాళ్ళకి నవంబరు గురించి చెప్పక్కర్లేదు. థాంక్స్‌గివింగ్‌కి ముందు శనివారం తుపాకీతో జింకల వేట మొదలవుతుంది. తొమ్మిది రోజులు. మా లైన్లో సగం మంది ఆ వారానికి సెలవులు ఎప్పుడో పెట్టేసుకుంటారు, మనవాళ్ళు సంక్రాంతికి పెట్టుకున్నట్టు. మిగిలినవాళ్ళం వాళ్ళ షిఫ్టులు కూడా లాగుతాం. వీసా మీద ఉన్నన్నాళ్ళు నేను తుపాకీ జోలికే పోలేదు. వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప చట్టం ఒప్పుకోదు, ఆ తలనొప్పి నాకెందుకని. గ్రీన్ కార్డు చేతికొచ్చాక మా సూపర్‌వైజరే "ఈసారి నువ్వూ రా, ఊరికే చూద్దువుగాని" అన్నాడు. ఆ పిలుపు అందుకుని వెళ్ళిన మొదటి సాయంత్రమే ఈ అక్షింతలు.

కారులో ఇంటికొస్తూ ఒకటే ఆలోచన. నా జన్మలో తుపాకీ పట్టుకున్నది అదే మొదటిసారి. మన దేశంలో వన్యప్రాణుల వేటకి 1972 చట్టంతోనే తలుపులు మూసుకోవడం మొదలైంది, అప్పటికి నేను పుట్టలేదు. మరి నా వేలు తిన్నగా ట్రిగ్గర్ మీదికి ఎలా వెళ్ళింది? దానికి దారి చూపించిందెవరు?

ఇంకెవరు, సినిమా. హీరో తుపాకీ తీశాడంటే వేలు ట్రిగ్గర్ మీదే. డైలాగు చెప్పినంతసేపూ అక్కడే. విలన్ దాంతో చెవి గోక్కుంటాడు. కమెడియన్ పొరపాటున పక్కవాడి పొట్టకి పెడితే హాలంతా నవ్వు. సినిమా వేరు, జీవితం వేరని నాకు తెలుసు. నా వేలికి తెలియదు, దాన్ని ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

ఇక్కడ చెప్తారు. 1973 నుంచి పుట్టినవాళ్ళు వేట లైసెన్సు తీసుకోవాలంటే మామూలుగా ఒక కోర్సు చెయ్యాలి. అందులో అన్నిటికన్నా ముందు చెప్పేవి నాలుగు మాటలు: ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో, గొట్టం ఎప్పుడూ ప్రమాదం లేని వైపే ఉంచు, నీ గురి ఏమిటో దాని వెనకాల ఏముందో చూసుకో, కాల్చే క్షణం దాకా వేలు బయటే ఉంచు. పుస్తకానికి కాలు తగిలితే మన చెయ్యి దానంతటదే కళ్ళ దగ్గరికి వెళ్తుందే, వీళ్ళకి తుపాకీ గొట్టం అలా అలవాటైంది. ఆ పోలిక తట్టాక నా ఉక్రోషం సగం దిగింది. సగమే. ఆ కుక్క ముందు చిన్నబోయిన సంగతి అలాగే ఉంది.

శనివారం తెల్లవారకముందే వెళ్ళాం. నేను ఉత్త చేతులతోనే. నాకూ ఓ నారింజ రంగు కోటు, టోపీ తగిలించాడు. రోడ్డు పనివాళ్ళు వేసుకుంటారే, ఆ మెరిసే రంగు. సినిమా వేటగాడు ఆకుపచ్చ మచ్చల బట్టల్లో చెట్టులో చెట్టయిపోతాడు. తుపాకీ సీజన్లో ఇక్కడ నడుము పైన వేసుకున్నదాంట్లో కనీసం సగం ఈ రంగో, మెరిసే గులాబీ రంగో ఉండాలి. జింక కంటికి అది మనకి కనిపించినంత భగ్గున కనిపించదు, కానీ ఇంకో వేటగాడికి కనిపిస్తుంది. భయం జింకతో కాదు కదా.

మంచె మీద మూడు గంటలు. దగ్గు వస్తే మింగాలి. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఆయన కాల్చినప్పుడు, చెవులకి మఫ్‌లు ఉన్నా సరే, ఆ దెబ్బ నా ఛాతీలో తగిలింది. జింక పడలేదు. ఒక్క గెంతు గెంతి పొదల్లోకి పరుగెత్తింది. "తప్పిపోయింది" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి వాచీ చూసుకున్నాడు. అరగంట కదలలేదు, నన్ను కదలనివ్వలేదు. వెంటపడితే గాయంతో అది ఇంకా దూరం పోతుందట, పోయి ఎక్కడో పడి ఎవరికీ దక్కదట. దిగాక ఎండుటాకుల మీద శనగగింజంత ఎర్రటి చుక్క చూపించాడు, అందులో చిన్న చిన్న బుడగలు. "ఊపిరితిత్తులు" అన్నాడు. చుక్క చుక్కకీ పక్క కొమ్మకి ఒక టిష్యూ పేపరు ముక్క గుచ్చుకుంటూ వెళ్ళాం. ఎనభై గజాల తర్వాత దొరికింది. ఆయన టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. ఇంత పొడుగు సీను ఏ డైరెక్టరూ తియ్యడు.

అప్పటినుంచీ ఆయనతో సినిమా చూడటం నరకం. సైలెన్సర్ బిగించి 'ఫుట్' అనిపిస్తే రిమోట్ నొక్కి ఆపేస్తాడు. రైఫిల్ మోత 160 డెసిబెల్స్ దాకా ఉంటుంది, సైలెన్సర్ తగ్గించేది మహా అయితే 20 నుంచి 35, పక్కగదిలో నిద్ర పట్టేంత కాదు అంటాడు. షాట్‌గన్ దెబ్బకి మనిషి గాల్లో ఎగిరితే, అంత బలంతోనూ కాల్చినవాడు వెనక్కి ఎగరాలి కదా అంటాడు. హీరో బెదిరించిన ప్రతిసారీ షాట్‌గన్ గొట్టం కింది పిడిని, అదే పంప్‌ని, 'చక్ చక్' లాగుతాడు చూడండి. లోపల తూటా ఉంటే అది బయటికి ఎగిరి పడాలి. పడలేదంటే, ఇంతసేపూ ఖాళీ తుపాకీతో బెదిరించాడన్నమాట. "ఖాళీ తుపాకీ ఉండదన్నారుగా?" అంటే చురచురా చూశాడు.

ఊరుకుంటానా, నాకూ ఓ రోజు వచ్చింది. జనవరిలో ప్రెయిరీ డు సాక్ డ్యాం దగ్గరికి తీసుకెళ్ళాడు, మనవరాలితో సహా. డ్యాం కింద నది గడ్డకట్టదు, చేపల కోసం బాల్డ్ ఈగిల్స్ చేరతాయి. 2024 డిసెంబరులో చట్టం చేసి మరీ జాతీయ పక్షిని చేసుకున్నారు దాన్ని. ఒకటి మా ఎదురుగా చెట్టు మీద వాలి నోరు తెరిచింది. కిచకిచమని సన్నటి గొంతు. సినిమాలో అది ఎగిరినప్పుడు వినిపించే గంభీరమైన కేక తరచుగా రెడ్ టెయిల్డ్ హాక్ అనే ఇంకో డేగది.

"మీ జాతీయ పక్షికే డబ్బింగ్ చెప్పించారు, మీరా మమ్మల్ని అనేది!" అన్నాను. తెలుగు సినిమాల్లో హీరోయిన్ల సంగతి కూడా చెప్పాల్సొచ్చింది.

పెద్దాయన నవ్వాడు. మనవరాలు మాత్రం నవ్వలేదు. చెట్టువైపు అనుమానంగా చూసి, "తాతా, ఇది వేరే పక్షి. అసలు ఈగిల్ ఎక్కడుంది?" అంది.