అక్కడ రెండో ఉద్యోగం దొరుకుతుందా?

ఈరోజు సెలవు. మిషన్‌లో బట్టలు వేసి, అవి అయ్యేలోపు, సిటీ వదిలి వెళ్తే నాకు కూడా పని దొరుకుతుందేమో చూద్దామని ఫోన్ పట్టుకున్నాను. మా ఆయనకి ఆఫర్ వచ్చిన చిన్న ఊరి పేరు జాబ్ సైట్‌లో కొట్టి, అకౌంట్స్ అని పెట్టి, చుట్టూ 50 కిలోమీటర్లు అని ఫిల్టర్ వేశాను. పేజీ నిండా వచ్చాయి. సంబరపడి ఒక్కోటి తెరిచి చదివితే అసలు సంగతి బయటపడింది. ఒకే ప్రకటనని మూడు ఏజెన్సీలు మూడు రకాలుగా వేశాయి. ఇంకొకటి మా ఆయన్ని పిలుస్తున్న కంపెనీదే. ఒకటి ఫ్రెషర్లకి మాత్రమే, ఇంకోటి పేరుకి ఆ ఊరే గానీ పని చేయాల్సింది మళ్ళీ సిటీలో. అన్నీ ఏరేస్తే నా అనుభవానికి సరిపడేది ఒక్కటి తేలింది, అదీ ఎప్పుడో పాతది, ఇంకా తీసేయలేదంతే.

విషయం విన్నవాళ్ళందరూ "హాయిగా ఉంటుంది, వెళ్ళిపోండి" అంటున్నారు. హాయిని నేనేం కాదనట్లేదు. ఇప్పుడు ఆయనకి ఆఫీసుకి గంటన్నర, ఇంటికి గంటన్నర. రోజుకి మూడు గంటలు, నెలకి 22 పనిరోజులు అనుకుంటే 66 గంటలు, అంటే ఎనిమిది పనిరోజుల పైమాటే రోడ్డు మీద పోతోంది. చిన్నోడు వారంలో నాన్నని మెలకువగా చూసేది తక్కువ. ఆ గంటలు తిరిగి ఇంటికొస్తాయంటే నాకూ ఆశగానే ఉంది.

కానీ జీతం దగ్గర మాత్రం మా ఇద్దరి లెక్క కుదరట్లేదు. "జీతం తగ్గినా ఖర్చులు కూడా తగ్గుతాయిగా" అంటాడు. సరే, రెండూ నూటికి 30 చొప్పున తగ్గాయనుకుందాం, అప్పుడు మిగిలేది కూడా నూటికి 30 తగ్గినట్టే కదా! ఇంటి అద్దె తగ్గుతుంది, ఒప్పుకుంటాను. పిల్లల కాలేజీ ఫీజు ఊరిని బట్టి తగ్గదు, ఆసుపత్రిలో పెద్ద ఆపరేషన్ బిల్లు తగ్గదు, లాప్‌టాప్ ఎక్కడ కొన్నా అదే రేటు. పైగా ఒకవేళ వెనక్కి రావాల్సి వస్తే, కొత్త కంపెనీ వాళ్ళు మొదట అడిగేది "ఇప్పుడెంత వస్తోంది" అనే. ఆ తగ్గిన అంకె మీదే బేరం మొదలవుతుంది. అద్దెలు మాత్రం మనం లేనప్పుడు కూడా పెరుగుతూనే ఉంటాయి.

ఇంకోటి ఉంది, ఇది ఎవరూ మాట్లాడరు. ఆ ఊరికి ఉన్నదే ఒక పెద్ద కంపెనీ. అక్కడ ఇల్లు చవకని కొనేశామనుకోండి, రేపు కంపెనీకి దెబ్బ తగిలితే ఉద్యోగమూ పోతుంది, అదే నెలలో ఊరంతా ఇళ్ళు అమ్మకానికి పెడుతుంది. కొనేవాడు ఎక్కడి నుంచి వస్తాడు? జీతమూ ఆస్తీ రెండూ ఒకే దూలానికి వేలాడదీసినట్టు. అందుకే కనీసం మొదట్లో అద్దెకే ఉండాలని నేను పట్టుబట్టాను. ఈ ఒక్కదానికి మాత్రం వాదించకుండా ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం కాస్త తీరిక దొరికితే ఈ గొడవ గురించి ఎవరైనా రాశారేమోనని వెతికాను. జేకబ్ మిన్సర్ అనే ఆర్థికవేత్త 1978లోనే రాశాడట. కుటుంబం మొత్తంగా చూస్తే లాభం ఉన్నప్పుడు, ఒకరికి విడిగా నష్టమైనా కుటుంబం కదిలిపోతుందని. ఆ ఒకరు ఎక్కువగా భార్యే, ఇది చెప్పడానికి ఆర్థికవేత్త అక్కర్లేదనుకోండి. 2000లో డోరా కోస్టా, మాథ్యూ కాన్ ఇంకో పరిశోధన చేశారు. అమెరికాలో 1940 నుంచి 1990 దాకా చూస్తే, ఇద్దరూ బాగా చదువుకున్న జంటలు పెద్ద నగరాల్లోకే చేరుతూ వచ్చారని, ఇద్దరికీ ఒకేచోట తగిన ఉద్యోగం దొరకడం అక్కడే తేలిక కాబట్టేనని వాళ్ళ వాదన. పొద్దున నా ఫిల్టర్ కూడా అదే చెప్పింది.

"నీది ఇంటి నుంచే కదా" అంటాడు మా ఆయన. 2020 నుంచి ఇంటి నుంచే, నిజమే. కానీ మా లెటర్‌లో "అవసరమైతే ఎప్పుడైనా ఆఫీసుకి రావాలి" అని ఒక లైను ఉంది, మా పక్క టీమ్ వాళ్ళని ఇప్పటికే వారానికి మూడు రోజులు రమ్మంటున్నారు. ఆ లైను నా మీదకి వచ్చిన రోజు నేనేం చేయాలి?

అత్తయ్య గుండె డాక్టరు సంగతి కూడా ఉంది. ఆవిడేమో "నాకోసం ఆగకండర్రా" అంటూనే, అక్కడి నుంచి డాక్టరు దగ్గరికి ఎంత దూరమని చిన్నోడిని అడుగుతోంది. పెద్దది ఎనిమిదిలోకి వచ్చింది. ఇప్పుడు మారిస్తే సర్దుకుంటుంది, ఇంకో రెండేళ్ళు పోతే స్నేహితుల్ని వదిలి కదలదు, పరీక్షల మధ్యలో కదిలించడం మంచిదీ కాదు. వెళ్ళేదుంటే త్వరగా వెళ్ళాలి అనడానికి నాకు కనిపిస్తున్న బలమైన కారణం ఇదొక్కటే.

సాయంత్రం బట్టలు మడత పెడుతుంటే ఆయనొచ్చి కూర్చున్నాడు. "నీకంటే ముందు ఆ సీట్లో ఉన్నాయన ఎందుకు వెళ్ళిపోయాడో అడిగావా?" అన్నాను. అడగలేదట. అప్పటికప్పుడే అక్కడ పనిచేసే పాత స్నేహితుడికి ఫోన్ చేశాడు. ఆ ముందాయన వెళ్ళిపోయింది ఉద్యోగం నచ్చక కాదు, భార్యకి అక్కడ పని దొరక్క, ఒంటరిగా కొన్నాళ్ళు ఉండి ఉండి మానేశాడట. ఫోన్ పెట్టేశాక ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత అతనే "నీ ఉద్యోగం సంగతి తేలాకే వాళ్ళకి చెబుతాను" అన్నాడు.

ప్రస్తుతానికి అనుకున్నదేంటంటే, జాయినింగ్ డేట్ వెనక్కి జరపమని అడగాలి. ఒప్పుకుంటే స్కూల్ అయ్యేదాకా ఆయన ఒక్కడే వెళ్ళి గది తీసుకుని ఉంటాడు. ఇక్కడి ఇల్లు అప్పుడే ఖాళీ చేయం. నాకు ఎప్పటికీ ఇంటి నుంచే పని ఇస్తారా అని సోమవారం నేను మా మేనేజర్‌ని అడుగుతాను. ఫోన్లో అడిగితే "చూద్దాంలే" అంటాడు, అందుకని మెయిలే పెడతాను, హెచ్‌ఆర్‌ని కాపీలో ఉంచి.