పక్కవాళ్ల ముఖాలు

నిన్న రాత్రి మిత్రులతో కలిసి ‘డెడ్‌పూల్’ అనే హాలీవుడ్ సూపర్‌హీరో సినిమా మళ్లీ చూశాను. ఈసారి తెర కన్నా పక్కవాళ్ల ముఖాలనే ఎక్కువగా చూస్తూ కూర్చున్నాను. కథానాయకుడు కెమెరా వైపు తిరిగి మాట్లాడినప్పుడల్లా ఒకామె తనతోనే మాట్లాడుతున్నట్టు ముందుకు వంగింది. బూతు మాటలకు పగలబడి నవ్విన మిత్రుడే, కథానాయకుడు వేడ్‌కు క్యాన్సర్ అని తెలిసే సన్నివేశంలో నోట మాట లేకుండా ఉండిపోయాడు. ఆ మౌనం నాకు ఎంతో నచ్చింది. మరొకాయన కత్తుల పోరాటం చూడలేక మధ్యలోనే లేచి వెళ్లిపోయారు.

అసలు ఈ సినిమా పట్టాలెక్కిందే ప్రేక్షకుల స్పందన వల్ల. ప్రయోగాత్మకంగా తీసి, 2014లో లీకైన చిన్న దృశ్యానికి వచ్చిన ఆదరణతోనే స్టూడియో కదిలింది. 2016లో విడుదలైనప్పుడు అమెరికాలో ‘ఆర్’ రేటింగ్ ఇచ్చారు. పదిహేడేళ్ల లోపువారికి పెద్దల తోడు తప్పనిసరి. సూపర్‌హీరో బొమ్మ చూసి పసిపిల్లలను వెంటబెట్టుకు వెళ్లేవారిని తలచుకుంటే మాత్రం నాకు నిజంగా బాధ కలుగుతుంది.

లేచి వెళ్లిన మిత్రుడికి పొద్దున్నే ఫోన్ చేశాను. హాస్యం బాగా నచ్చిందట, రక్తమే చూడలేకపోయారట. మిగతా కథ చెప్పమన్నారు. అరగంట చెప్పాను.