రేషన్ బియ్యం దగ్గర పోయిన మార్కులు

గ్రూప్-1 మెయిన్స్‌కు మొదటిసారి చదువుతున్నప్పుడు టెస్ట్ సిరీస్‌లో ఒక ప్రశ్న వచ్చింది: ప్రజా వస్తువులంటే ఏమిటి, వాటిని అందించడంలో ప్రభుత్వ పాత్ర ఏమిటి? తేలికే అనుకున్నాను. ప్రభుత్వం ప్రజలకు ఇచ్చేదే ప్రజా వస్తువు అని నిర్వచనం రాసి, 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యాన్ని ఉదాహరణగా పెట్టాను. పేపరు దిద్దినాయన ఆ మాట కింద గీత గీసి, ‘ఒకరు తిన్న అన్నం ఇంకొకరికి మిగులుతుందా?’ అని రాశారు. పదికి రెండు మార్కులు.

చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు కాబట్టి చెబుతున్నాను. ఎవరు ఇస్తున్నారని కాదు, ఆ వస్తువు స్వభావం ఏమిటని చూడాలి. ఒకరు వాడుకుంటే ఇంకొకరికి తగ్గకూడదు. 1954లో ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ పట్టి చూపిన లక్షణం ఇదే. రెండోది, డబ్బు కట్టనివాళ్లను పక్కన పెట్టడం కుదరకూడదు. బియ్యానికి ఈ రెండూ లేవు. కార్డు లేకపోతే డీలరు ఇవ్వడు కదా!

నాకు ఈ పాఠం పుస్తకంలో కంటే హుద్‌హుద్ తుఫానును తలచుకున్నప్పుడే బాగా అర్థమైంది. మాది విశాఖ తీరం. 2014 అక్టోబరు 12న తుఫాను తీరం దాటింది. అంతకు కొన్ని రోజుల ముందే వాతావరణ శాఖ హెచ్చరిస్తూ వచ్చింది. మా నాన్న విన్నంత మాత్రాన పక్కింటివాళ్లకు ఆ హెచ్చరిక తగ్గలేదు. చందా కట్టనివాళ్ల చెవిన పడకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. అలాంటప్పుడు డబ్బు ఎవరు కడతారు? పక్కవాళ్లు కడతారులే అని అందరూ ఊరుకుంటారు. ఫ్రీ రైడర్ సమస్య అంటే ఇదే. గిట్టుబాటు కాని చోట ఏ వ్యాపారీ రాడార్లు పెట్టడు. అందుకే పన్నుల డబ్బుతో ప్రభుత్వం పెట్టాలి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేలమందిని మింగేసింది. హుద్‌హుద్‌లో మన రాష్ట్రంలో మరణాలు పదుల్లోనే ఆగాయి. ముందే తెలియడం, ముందే ఊళ్లు ఖాళీ చేయించడం దానికి పెద్ద కారణం. ఈ పోలిక జవాబులో తప్పక రాయండి.

చెరువు సంగతి వేరు. ఆయకట్టు రైతులను ఆపడం కష్టమే, కానీ ఒకరు ఎక్కువ తోడుకుంటే చివరి పొలానికి నీళ్లందవు. ఇది ఉమ్మడి వనరు. ఇలాంటివాటిని ఊరివాళ్లే కట్టుబాట్లు పెట్టుకుని కాపాడుకోగలరని చూపినందుకే అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. తెలంగాణ ఊళ్లలో తూము తెరిచి మడిమడికీ నీళ్లు పంచే నీరటికాడు మనకు తెలిసిన ఉదాహరణ. ప్రతిదానికీ ప్రభుత్వమే దారి అని రాయకండి.

ఇంకొక చిన్న సంగతి: అందించడం, తయారుచేయడం ఒకటి కాదు. వీధిదీపాల పని కాంట్రాక్టరుకు ఇచ్చినా ఖర్చు మున్సిపాలిటీదే.

రేషన్ బియ్యాన్ని నేనిప్పటికీ జవాబులో వదలను. అది ప్రైవేటు వస్తువేననీ, మార్కెట్లో దొరకక కాదు, పేదవాడు కొనలేడు కాబట్టి ప్రభుత్వం ఇస్తోందనీ, 2013 ఆహార భద్రతా చట్టం దాన్ని హక్కుగా మార్చిందనీ రాస్తాను. బడి చదువును కూడా ఆ పేరాలోనే, మెరిట్ గూడ్‌గా, అంటే కొనగలిగినా లేకున్నా అందరికీ అందాలని ప్రభుత్వం పూనుకునే వస్తువుగా, పిల్లలకు చదువును హక్కు చేసిన రాజ్యాంగంలోని 21-ఎ అధికరణతో కలిపి పెడతాను.