ఒకే నంబరుతో రెండు బస్సులు

ఆ ఉదయం బస్టాపులో నిలబడి ఉంటే దూరంగా రెండు బస్సులు పక్కపక్కనే వస్తున్నాయి. రెండింటికీ ఒకటే నంబరు! దగ్గరికి వచ్చేసరికి కలిసిపోయి ఒక్క బస్సు అయింది. ఇంట్లో పేపరు చదివితే అక్షరాలు చక్కగానే ఉన్నాయి. పవరు మారిందనుకుని కొత్త అద్దాలు వేయించుకున్నాను. అలా నాలుగు రోజులు పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

కంటి డాక్టరుగారు మొదట అడిగింది ఒక్కటే: "ఒక కన్ను మూసినా రెండుగానే ఉందా?" మూసి చూశాను. గోడ గడియారం ఒక్కటే. రెండో కన్ను మూసినా అంతే. ఒక కన్ను మూసినా రెండుగా కనిపిస్తే శుక్లం లాంటిది తెరిచి ఉన్న కంట్లోనే ఉంటుందట. నాకు చెడింది రెండు కళ్ల పొత్తు.

పెన్ను చూపిస్తూ ఎడమకు జరిపారు. నా ఎడమ కన్ను సగంలోనే ఆగిపోయింది. ఒక్కో కంటిని ఆరు కండరాలు తిప్పుతాయి, వాటిని నడిపేవి మూడు నరాలు. కంటిని బయటికి తిప్పే ఆరో కపాల నాడి (మెదడు నుంచి నేరుగా వచ్చే నరాల్లో ఆరోది) నాకు దెబ్బతింది. దగ్గరివి చూసేటప్పుడు కళ్లు లోపలికి తిరుగుతాయి, దూరం చూడాలంటే బయటికి రావాలి. అందుకే దూరపు వస్తువులే పక్కపక్కన రెండుగా కనిపించాయి. నాలుగో నాడి అయితే బొమ్మలు ఒకదాని కింద ఒకటి పడతాయట, మెట్లు దిగడం కష్టమట. పొద్దున బాగుండి సాయంత్రానికి ముదిరితే కండరాలు త్వరగా అలిసిపోయే మయస్థీనియా అనే జబ్బును అనుమానిస్తారు. నా కంటిపాప మీద ఆయన రెండుసార్లు టార్చి ఎందుకు వేశారో తర్వాత తెలిసింది: మూడో నాడి దెబ్బతిని, రెప్ప వాలి, పాప పెద్దదైతే మెదడులో రక్తనాళం ఉబ్బి ఉండవచ్చు. అప్పుడు ఒక్క గంట కూడా ఆగకూడదు.

స్కానింగులో ఏమీ లేదు. మూడు నెలల షుగరు సగటు (హెచ్‌బిఎ1సి) మాత్రం 9.6 శాతం, అంటే బాగా ఎక్కువ. నరానికి రక్తమందించే సన్నని నాళం మూసుకుపోయిందన్నారు. "షుగరు అదుపులో పెట్టండి. మూడు నెలల్లో చాలామందికి తగ్గిపోతుంది" అన్నారు.

ఎడమ అద్దానికి తెల్ల టేపు అంటించుకున్నాను. ఒంటికంటికి లోతు తెలియదు. కాఫీ వంచితే గ్లాసు అంచు పక్కన ధారగా పోయేది. మా ఆవిడ ఏమీ అనకుండా గ్లాసు తన చేత్తో పట్టుకునేది. స్కూటరు తాళం కూడా తనే దాచింది.

రోజూ టేపు తీసి, అదే కుర్చీలో కూర్చుని గడియారం వైపు చూసేవాణ్ణి. ముఖం ఎడమకు తిప్పితే రెండు గడియారాలూ ఒకటయ్యేవి. ఎంత తిప్పాలో వారం వారం తగ్గుతూ వచ్చింది. పదకొండో వారంలో ఒకరోజు తిన్నగా కూర్చుని చూశాను. ముల్లు ఏడు దగ్గర ఉంది, ఒక్కటే ముల్లు. వంటింట్లోకి వెళ్లి తాళం అడిగాను.